సగం నేసిన చీర

“కూర్చోక్కా. రేపు ఓపెనింగ్‌కి జనం వచ్చేటప్పుడు నువ్వు నేస్తా ఉండాల,” అన్నాడు హేమనాథ్. తిరుత్తణి దగ్గరి జమీందారు మాళిగను చేనేత మ్యూజియంగా మారుస్తున్నది అతనే.

నేతపని చేసే దేవసేన మగ్గం ముందు కూర్చుని, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే గుంటలోకి కాళ్లు దించింది. మోకాళ్లు పైకే ఉండిపోయాయి.

“ఇందులో మట్టి పోసుండారు సార్.”

“మేం ఈ గది తాళం పగలగొట్టినప్పుడే అట్ల ఉండె. మగ్గం మీద సగం చీర కూడా అప్పటిదే. మట్టి తీపిస్తాలే.” గడపార తెమ్మని పనివాడికి కేకేశాడు.

ఆమె చీరను తడిమింది. అడ్డదారం నేసే నాడె, దారపు కండెతో సహా ఇంకా పడుగు పోగుల మధ్యలోనే ఉంది.

“నాడె బయటికి తీయకుండా నేసేవాళ్లెవురూ మగ్గం దిగరు సార్.”

“మరిచిపోయినాడేమో.”

“మా తాత ఈ మాళిగకే పెళ్లిచీర నేసేదానికి వచ్చినాడు. ఓడెక్కి రంగూన్ పోయినాడని జమీందారు కబురంపినాడు. తిరిగొస్తాడని మా అవ్వ సచ్చేదాకా బొట్టు తీయలేదు.”

హేమనాథ్ గుంటలోకి చూశాడు.

పనివాడు గడపారతో వచ్చి నిలబడ్డాడు. దేవసేన మట్టి మీద నుంచి కాళ్లు మెల్లగా పైకి తీసుకుంది.

“గడపార వద్దు సార్,” అంది. “చేతులతో తీయమను.”