పళ్లెంలో మంజుల చర్మం

కాఫీ తోటల్లో పనిచేసేవాళ్ల ఇళ్లన్నిట్లో ఇప్పుడు పళ్లెంలో చర్మం పెరుగుతుంది. మంజుల ఇంట్లో పెరిగేది మంజుల చర్మమే. సొసైటీవాళ్లిచ్చిన పచ్చ పింజర విషం ఒక చుక్క దానిమీద వేస్తే నెత్తుటి మచ్చ పాకుతుంది. సాయంత్రానికి మచ్చ ఎంత వెడల్పయితే, పాము కరిస్తే వాడుకోవడానికి ఆమె నడుముకు కట్టుకెళ్లే విరుగుడు మందు అంత. కొలత చూపందే తోట గేటు తెరుచుకోదు.

ఆ సాయంత్రం మంజుల స్కేలు పట్టుకొని వచ్చేసరికి పళ్లెమంతా పసుపు.

"ఏటత్తా ఇది? ఇప్పుడు నానేటి కొలవాల?"

అంబలిలో ఉప్పు గొడవతో రెండ్రోజులుగా కోడలితో మాటల్లేని దేవుడమ్మ గోడవైపు తిరిగింది.

"నెత్తురు కమ్ముతుంటే సూస్తూ కూకోమంటావేటి? నీ తోలే గదా అది."

మంజులకు రాబోయిన కోపం ఎటో పోయింది.

మర్నాడు పొద్దున్నే కొత్త ముక్కమీద చుక్క వేసింది. "దీన్ని ముట్టుకోకత్తా" అని చెప్పి, పసుపు డబ్బా కూడా చంకలో పెట్టుకుని నీళ్లకు వెళ్లింది.

తిరిగి వచ్చేసరికి దేవుడమ్మ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, పళ్లెం మీదికి వంగి, మెల్లగా ఊదుతోంది.