గరాజ్‌లో రూతమ్మ

ఇండియన్ కొట్టు బయట పార్కింగ్‌లో, ఎవరో ఆడమనిషి తమ కారు మీద చెయ్యి వేసి నిలబడి ఉంది.

నళిని చేతిలోని బియ్యం సంచి దభీమని కింద పెట్టింది.

"ఏమండీ, మా కారుతో మీకేం పని?"

ఆవిడ ఉలిక్కిపడి చెయ్యి తీసింది. యాభై దాటిన మనిషి. కాళ్ళకి తెల్లటి నర్సు బూట్లు, మెడలో చిన్న సిలువ.

"తెలుగువాళ్ళా అమ్మా? ఈ కారు ఎవరు నడుపుతారు?"

"మా ఆయన."

"రేసు ట్రాక్ మీద కూడానా?"

సీటు మీద పడేసి ఉన్న కొత్త రేసింగ్ బెల్టుల్ని చూస్తూ అడిగింది.

నళినికి ఒళ్ళు మండింది. ఆ బెల్టుల మూలంగానే పొద్దున్నుంచీ మొగుడితో మాటల్లేవు.

ఎడిసన్‌లో బుద్ధిగా ఇంజనీరు ఉద్యోగం చేసుకునే దామోదర్‌కి, ఈ పాత స్పోర్ట్స్ కారు కొన్న దగ్గర్నుంచీ వేగం పిచ్చి పట్టింది. నెలాఖరులో పెన్సిల్వేనియా ట్రాక్ మీద నడుపుతానని పేరు కూడా ఇచ్చేశాడు.

అంతలో అతను కొట్లోంచి బయటికొచ్చాడు. ఆవిడ పక్కకి పిలిచి ఏదో అడిగింది. అతని మొహం చాటంతయింది.

"రూతమ్మ గారట. బెల్టులు బిగించడం వచ్చట. శనివారం వస్తానన్నారు," అన్నాడు కారెక్కుతూ.

"ఎంతకి?"

"ఊరికేనట."

"ఊరికే ఎవరు చేస్తారండీ? కారు మీద కన్నేసింది. నా మాట వినండి."

అతను వినలేదు.

శనివారం రూతమ్మ డ్రిల్ మిషన్‌తో సహా దిగింది. గరాజ్‌లో కారు కింద దూరి దాని అడుగు రేకుకి కన్నాలు వేసింది. నడుము పట్టీలు బిగించింది.

దామోదర్ కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళగానే నళిని గుమ్మంలోకి వచ్చింది.

"నేను వద్దని మొత్తుకుంటుంటే మీరు ఎగదోస్తున్నారా?"

"ఎగదొయ్యట్లేదమ్మా. ఆపగలిగితే మీరు ఆపండి. నేను బెల్టులు బిగిస్తాను."

"మీకు మొగుడూ పిల్లలూ లేరా?"

"లేరమ్మా."

"అందుకే పక్కవాళ్ళ కొంప మీద పడ్డారు!"

రూతమ్మ చేతిలో స్పానర్ ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ తిరిగింది.

"భుజాల పట్టీలకి సీటు వెనక అడ్డంగా రాడ్డు వెయ్యాలి. మళ్ళీ శనివారం తెస్తాను," అంది కారుతో చెబుతున్నట్టు.

ఆ వారంలోనే, మొగుడు ఆఫీసుకి వెళ్ళాక, నళిని పెద్ద కత్తెర తీసుకుని గరాజ్‌లోకి వెళ్ళింది. పట్టీలు గట్టివి. చేతులు బొబ్బలెక్కినా కసిగా కోసింది. బెల్టుల్లేకపోతే అతనే భయపడి మానుకుంటాడని ఆమె ఆశ.

శనివారం రాడ్డు పట్టుకొచ్చిన రూతమ్మే ముందు చూసింది. తెగిన పట్టీని చేత్తో పట్టుకుని, తలెత్తి నళిని వంక చూసింది.

నళిని కళ్ళు దించలేదు. చెబితే చెప్పుకో, అన్నట్టు నిలబడింది.

దామోదర్ వస్తున్న అడుగుల చప్పుడు వినగానే రూతమ్మ పట్టీలు చుట్టేసి సంచిలో కుక్కేసింది.

"ఇవి మీ కొలతకి పొట్టి బాబూ. వేరేవి తెస్తాను."

వెళ్తూ వెళ్తూ నళిని దగ్గర ఆగింది.

"కోస్తే ఆగడమ్మా. ఇవి లేకుండానే వెళ్తాడు."

సాయంత్రానికల్లా కొత్త బెల్టులతో తిరిగొచ్చింది. తన తప్పు కడుపులో పెట్టుకుందన్న కృతజ్ఞత నళినికి కలగలేదు. దొరికిపోయానన్న మంటే రగిలింది.

"ఇంకోసారి మా గడప తొక్కితే పోలీసుల్ని పిలుస్తాను."

"పిలవండి. ఈ బోల్టు ఒక్కటి బిగించుకుని పోతాను."

బిగించింది. రెండు చేతులతో పట్టీల్ని లాగి చూసింది. కాలు తన్నిపెట్టి ఇంకోసారి లాగింది. ఏమీ తాగకుండానే వెళ్ళిపోయింది.

నెలాఖరున ట్రాక్ నుంచి ఫోనొచ్చింది. మలుపులో కారు అదుపు తప్పి పల్టీలు కొట్టిందట.

ఆసుపత్రికి పరిగెత్తేసరికి దామోదర్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. కారు తుక్కు తుక్కయింది. అతని ఒంటి మీద మాత్రం, రెండు భుజాల నుంచి నడుము దాకా, బెల్టులు పట్టి ఆపిన చోట కమిలిన చారలు.

"బెల్టులు పట్టకపోతే ఈయన దక్కేవాడు కాదు," అన్నాడు డాక్టరు.

నళిని ఆ చారల మీద చెయ్యి వేసి భోరుమంది.

రూతమ్మ మెడలోని సిలువ గుర్తొచ్చి, ఆదివారం తెలుగు చర్చి వెతుక్కుంటూ వెళ్ళింది. కాళ్ళు పట్టుకునైనా క్షమాపణ అడగాలని. పాస్టరు గారి భార్య మణి ఎదురొచ్చింది.

"రూతమ్మ గారు మొన్ననే వెళ్ళిపోయారమ్మా. కెన్యాలో మిషన్ ఆసుపత్రికి, నర్సుగా. ఎప్పటినుంచో పిలుస్తున్నా కదిలేవారు కాదు. ఇక్కడ చెయ్యాల్సింది అయిపోయిందన్నారు. మీరెవరు?"

"నళినిని. మా ఆయన కారుకి ఆవిడ బెల్టులు బిగించారు."

మణి ఆమెని పక్కనున్న బెంచీ మీద కూర్చోబెట్టింది.

"నేను ఆవిణ్ణి అనరాని మాటలన్నానండీ. ఎవరో తెలీని మనిషి, మాకోసం ఎందుకంత..."

మణి ఆమె చెయ్యి పట్టుకుని మెల్లగా అంది:

"బాగుచేసి రంగు మార్చినా పోల్చుకుందమ్మా ఆ తల్లి, రెండేళ్ళ కిందట అదే ట్రాక్ మీద, ఆ కారులోనే కదా, ఆవిడ ఒక్కగానొక్క కొడుకు చనిపోయింది."