లొరీన్ హోటల్లో మేకు

"మిస్ లొరీన్, మా ఆట మళ్లీ వేస్తున్నారట. ఆ చానెల్ పెట్టరూ?" అన్నాడు టకర్. మధ్యాహ్నం కాలేజీ బేస్‌బాల్ జట్టును గెలిపించింది అతని బ్యాటు దెబ్బే.

హోటల్ టీవీలో ప్రొఫెషనల్ బేస్‌బాల్ నడుస్తోంది. హైస్కూల్లో టకర్‌తో ఆడిన బ్రాంట్ అక్కడ బెంచీ మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజల పొట్టు ఉమ్ముతున్నాడు. హోటలంతా ఆ ఉమ్మడమే కళ్లప్పగించి చూస్తోంది. టకర్‌కి కడుపు మండిపోయింది.

"వాడివాళ బ్యాటే పట్టలేదు. మన ఊరివాళ్లే మమ్మల్ని చూడకపోతే దేశం ఏం చూస్తుంది?"

లొరీన్ వేయించిన చేప అతని ముందు పెట్టింది. "ఆ గోడకి ఖాళీ మేకు చూశావా? ఏటా మీ కాలేజీ జట్టులో ఒకడి ఫోటో దానికి తగిలిస్తాను. పేరు నోటికి అలవాటయ్యేసరికి ప్రొఫెషనల్ జట్టు పిలుస్తుంది, పోతాడు. బ్రాంట్ అయితే పదేళ్లు ఆ జట్టులోనే ఉంటాడు, వాడిమీద మనసు పెట్టుకోవచ్చు. ఈసారి నీ ఫోటో పెడదామనుకున్నా. వచ్చే ఏడు ఉంటావా మరి?"

టకర్ చేప ముక్కని పళ్లెం అంచుకి నెట్టాడు. వస్తానని పొద్దునే ఫోన్లో ప్రొఫెషనల్ జట్టువాళ్లకి మాట ఇచ్చేశాడు.

"చానెల్ మార్చనా?" అంది లొరీన్, రిమోట్ అందుకుంటూ.

"వద్దులెండి" అన్నాడు టకర్. అతని చూపంతా బ్రాంట్ పక్కన, బెంచీ మీద ఖాళీగా ఉన్న చోటు మీదే ఉంది.