ఎండకి అడ్డం

మాఘ శుద్ధ తదియ పొద్దున అన్యాయం జరిగింది కుందేలుకి. విరిగిన కాలు అతుక్కున్నాక, నక్కకి చిక్కకుండా మళ్ళీ పరుగెత్తాలని అది లేడి పంతులమ్మ దగ్గర కసరత్తుకి చేరింది. అక్కడ పాతిన కర్ర నీడ నేల మీద గీసిన ఒక గీత దాటితే ఒకరి వంతు అయిపోయినట్టు. మొదటి వంతు ఏనుగుది, రెండోది కుందేలుది. ఏనుగు ఆలస్యంగా వచ్చి, కర్ర పక్కనే నిలబడి గుంజీలు మొదలెట్టింది.

"ఏనుగు మావా, నీ వంతు అయిపోయింది, తప్పుకో," అంది కుందేలు.

"నీడ గీత దాటిందా? ఏదీ, చూపించు!"

ఆ కొండంత నీడలో కర్ర నీడ ఎక్కడ కనబడుతుంది?

లేడి గిట్టతో నేల తన్నింది. "సిగ్గులేదూ? ఎండకి అడ్డం నిలబడి పొద్దెక్కలేదంటావా? ఒళ్ళు పెద్దదైతే పొద్దు ఆగుతుందా? రేపట్నుంచి నీ వంతు కూడా దీనిదే. పద బయటికి!"

వంతులు రాసే బండ మీద ఏనుగు పేరు చెరిపేసి లేడి రాసింది: మాఘ శుద్ధ చవితి, మొదటి రెండు గీతలూ కుందేలువి.