ఎండలో చివరి బొమ్మ

"ఈపొద్దు ఇది బాగొస్తే పని అయిపోయినట్టే జెస్సీ. ఇంక ఆదివారాలు బనశంకరి నుంచి కె.ఆర్.పురం దాకా నువ్వు రానక్కర్లేదు" అన్నాడు అభిజిత్, మందు పూసిన కాగితాన్ని, దానిమీద హ్యాంగింగ్ బ్రిడ్జి నెగెటివ్‌ను మేడమీద అద్దం కింద సర్దుతూ.

జెస్సీకి ఆ మాట రుచించలేదు. ఆఫీసు ఫోటో క్లబ్బు ప్రదర్శనకు ఇద్దరూ కలిసి ఎండలో అచ్చువేస్తున్న నీలిరంగు బొమ్మల్లో ఇదే చివరిది. పని ముగిసిపోకుండా ఇన్ని వారాలూ కాగితాలే ఆమెను కాపాడాయి. పల్చటిది నీళ్ళలో చిరిగింది. నున్నటిది మందు పీల్చుకోలేదు. తీరా ఈ మందపాటి నూలు కాగితం దొరికింది. పరీక్షకు వేసిన ముక్కలన్నీ చక్కగా వచ్చేశాయి.

"ఇంకో పేపర్ ట్రై చేద్దామప్పా" అంది.

"ఎందుకు? ఇదే సూపర్‌గా ఉండాది కదా." అతను తల ఎత్తలేదు. "నువ్వు పోయి టబ్‌లో నీళ్ళు పట్టుకొని రా. ఎండ సంగతి నేను చూసుకుంటా."

కింద స్నానాలగదిలో బట్టలసోడా పొట్లం కనబడింది. అది తగిలితే నీలం వెలిసిపోతుందని అతనే మొదటివారం హెచ్చరించాడు. తన చెయ్యి సోడా తీసి నీళ్ళలో వేయడాన్ని జెస్సీ ఎవరి చేతినో చూస్తున్నట్టు చూసింది. సిగ్గేయాల్సింది పోయి నవ్వొచ్చింది. మెట్లెక్కుతుంటే కాళ్ళు నేలకు ఆనలేదు.

ఎండలోంచి తీసిన కాగితాన్ని అభిజిత్ టబ్‌లో వేశాడు. పక్కపక్కనే గొంతుక్కూర్చున్నారు. ముదురు నీలం మెల్లగా పల్చబడుతోంది. ఇంకా. ఇంకా. జెస్సీకి లోపల ఈల వేయాలనిపించింది.

బొమ్మ తేలగానే అలవాటు కొద్దీ అతను చటుక్కున కాగితం పైకెత్తి పక్క బకెట్‌లోని మంచినీళ్ళలో ముంచాడు.

కొత్త హ్యాంగింగ్ బ్రిడ్జి తీగలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా నిలిచాయి. వెనక మబ్బు కూడా మబ్బులాగే ఉంది. ఇన్ని వారాల్లో ఇంత మంచి బొమ్మ రాలేదు.

"కంగ్రాట్స్" అన్నాడు అభిజిత్, ఎవరో పోయినట్టు.

జెస్సీ ఫక్కున నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది.

"ఏం కంగ్రాట్స్ అప్పా! నీళ్ళలో సోడా కలిపింది నేనే. ఇది పాడైతే వచ్చే ఆదివారం కూడా రావచ్చని."

అభిజిత్ తడి బొమ్మతోనే నేలమీద చతికిలబడ్డాడు.

"అయ్యో తల్లీ! నల్లగా మాడిపోవాలని నేను దాన్ని రెండింతలసేపు ఎండలో పెట్టినా కదా!"