బాకు గుర్తు

“ఆ అర్థం ఎప్పుడో చచ్చిందయ్యా! బాకు గుర్తు పెట్టి అవతల పడెయ్,” అని కసిరాడు ఇంగ్లీషు నిఘంటువు సంపాదకుడు గార్బట్.

“చావలేదండీ. మా నార్ఫోక్ పల్లెల్లో మనిషి పోతే ఇప్పటికీ ‘ఫినిష్ అయ్యాడు’ అనే అంటారు,” అన్నాడు సహాయకుడు ఎనాక్ పెల్.

“అంటే సరిపోతుందా? రాసిందేదీ?”

ఆ ఆఫీసు పద్ధతి అంతే. ఏ అర్థానికైనా గత నూరేళ్ళలో ఎవరో ఒకరు రాసిన వాక్యం, తారీఖుతో సహా, చీటీ మీదికి ఎక్కాలి. లేదంటే ఆ అర్థం చచ్చినట్టు లెక్క. దాని ముందు చిన్న బాకు బొమ్మ అచ్చేస్తారు. ఊరు ఊరంతా రోజూ వాడుతున్నా సరే, నోటిమాట చెల్లదు.

నాలుగు నెలలుగా ‘ఫినిష్’ అనే ఆ ఒక్క మాటకే చాకిరీ చేస్తున్నాడు ఎనాక్. లాటిన్‌లో పొలిమేర అనే మాటలోంచి పుట్టి, ఫ్రెంచివాళ్ళ నోట నలిగి ఇంగ్లీషు దాకా వచ్చింది. పని ముగించడం, బల్లకు మెరుగు పెట్టడం, పందెంలో గీత దాటడం, ఆఖరికి మనిషిని చంపడం, అన్నిటికీ చీటీలు దొరికాయి. చావడానికే దొరకలేదు.

“అమ్మకు బాగాలేదు, నన్నే కలవరిస్తోంది, సెలవివ్వమని వారం నుంచీ నా ప్రాణం తీస్తున్నావుగా? బాకు పెట్టు, పేజీ అచ్చుకిచ్చెయ్, ఇప్పుడే రైలెక్కు. ఎవరొద్దన్నారు?”

“బాకు పెడితే మావాళ్ళ నోరు నొక్కేసినట్టేనండీ. ఈ ఒక్కపూట వెతకనివ్వండి.”

“నీ ఖర్మ!”

పాడు మొండితనం! ఎనాక్ మళ్ళీ పాత పత్రికల కట్ట విప్పుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్నం టపాలో అతనికి ఉత్తరం వచ్చింది. చదివి గార్బట్ చేతికిచ్చాడు. పక్కింటావిడ రాసింది.

‘ఎనాక్ బాబూ, మీ అమ్మ మంగళవారం తెల్లవారుజామున ఫినిష్ అయింది. ఆఖరిదాకా గుమ్మం వైపే చూసింది.’

గార్బట్ కుర్చీలోంచి లేచాడు. “అయ్యో! వెళ్ళు నాయనా, వెంటనే వెళ్ళు. పేజీ సంగతి నేను చూసుకుంటాలే.”

ఎనాక్ కదల్లేదు. ఖాళీ చీటీ ఒకటి దగ్గరికి లాక్కుని, ఉత్తరంలోని మొదటి వాక్యాన్ని, పైనున్న తారీఖుతో సహా, పొల్లుపోకుండా ఎక్కించాడు.

“తారీఖు కూడా ఉందండీ,” అన్నాడు చీటీ అందిస్తూ. “ఇంక ఆ అర్థం చచ్చిందనడానికి వీల్లేదు.”