దాహమన్న కుండీలు

ఆ రోజుల్లో విశాఖపట్నంలో మాట్లాడని పూలకుండీ ఎక్కడా కనబడేది కాదు. మధురవాడలోని ఒక అపార్ట్‌మెంట్‌లో, మెట్ల నీడన, చేమాకుల్లాంటి రంగురంగుల ఆకులతో కలాడియం కుండీలుండేవి. ఎవరైనా పక్కనుంచి వెళ్తే చాలు, "దాహంగా ఉందండీ" అని ముద్దుగా అడిగేవి. జనం నీళ్లు పోసి, కుండీ మెచ్చుకుంటే మురిసిపోయేవారు. మొక్కల పని చూసే పోలమ్మకు వాళ్లను చూస్తే ఒళ్లు మండేది.

వానాకాలమంతా ఆమె మట్టిలో వేలు గుచ్చి చూశాకే నీళ్లు పోసింది. కార్తీకంలో ఆకులు వాలిపోగానే మానేసింది. కుండీలు ఏడుపు లంకించుకున్నాయి. సెక్రటరీ ఫణిభూషణ్ ఆమెను పిలిపించాడు.

"అవి అంతలా ఏడుస్తుంటే నీకు జాలి లేదా?"

"దుంప నిద్దరోతంది బాబూ. ఇప్పుడు నీళ్లోస్తే కుళ్లిపోద్ది. ఏడిసేది కుండీ. దుంపకి నోరేటి?"

"రేపటి నుంచి పనిలోకి రావద్దు."

పోలమ్మ ఒక కుండీలోని దుంపలు తవ్వి కొంగున కట్టుకుపోయింది. ఆ ఉత్త మట్టికి కూడా జనం చలికాలమంతా నీళ్లు పోశారు. కుండీ అందరికీ కృతజ్ఞతలు చెప్పింది. తక్కిన కుండీల్లో దుంపలన్నీ కుళ్లాయి.

తొలకరికి పోలమ్మ ఇంటి అరుగు మీద, పాత నూనెడబ్బాలో, ఎర్రటి ఆకులు విచ్చుకున్నాయి. ఫణిభూషణ్ వెతుక్కుంటూ వచ్చాడు.

"నువ్వు ఆనాడు చెప్పింది రికార్డు చేసివ్వు పోలమ్మా. కుండీల చేత చెప్పిస్తాం. అప్పుడు అందరూ వింటారు."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది.

"మనిసి సెప్తే ఇనలేదు. కుండీ సెప్తే ఇంటారా," అని లోపలికి వెళ్లి తలుపేసుకుంది.